టీసీ ఇస్తారు, తోడు ఎవరిస్తారు?

ఐదో తరగతి పూర్తయిన పిల్ల చేతికి ఊరి బడి ఒక కాగితం ఇచ్చి పంపిస్తుంది. అందులో పుట్టిన తేదీ ఉంటుంది, తండ్రి పేరు ఉంటుంది, కులం ఉంటుంది, పుట్టుమచ్చలు కూడా ఉంటాయి. ఆ పిల్ల రోజూ ఎవరి పక్కన కూర్చునేదో, ఎవరితో కలిసి బడికి వచ్చేదో, ఎవరు రాని రోజు తనూ మానేసేదో మాత్రం ఉండదు. ఉండాలని ఎవరూ అనుకోరు కూడా. విద్యాశాఖ దృష్టిలో బడి మారడమంటే ఒక రిజిస్టరులో పేరు కొట్టేసి ఇంకో రిజిస్టరులో ఎక్కించడమే. పిల్ల మటుకు ఊరే మారినంత తికమక పడుతుంది.

ఊరి బడిలో టీచర్లు ఒకరో ఇద్దరో. ఆ టీచరమ్మకు పిల్ల ఇంటి సంగతులన్నీ తెలుసు. హైస్కూల్లో పీరియడుకో సారు, పీరియడుకో మేడం. లెక్కల సారు మార్జిన్ గీయని నోట్సు ముట్టుకోరు, సైన్సు మేడం రఫ్ నోట్సు వేరే పెట్టమంటారు. మంచినీళ్ల కుళాయి ఎక్కడుందో, బాత్రూముకు ఎవరిని అడిగి వెళ్లాలో, మధ్యాహ్న భోజనం వరుసలో ఏ తరగతి ముందు నిలబడుతుందో చెప్పేవాళ్లు ఉండరు. ఏప్రిల్ దాకా బడి మొత్తానికీ పెద్దది తనే, జూన్‌కల్లా అందరికన్నా చిన్నది. పెద్దవాళ్లకు ఇవన్నీ చిల్లర విషయాలు. అడగడానికి సిగ్గుపడి ఇంటిబెల్లు దాకా బిగబట్టుకుని కూర్చునే ఆడపిల్లల గురించి, అసలు నీళ్లే తాగకుండా ఉండేవాళ్ల గురించి ఆరో తరగతికి పాఠం చెప్పిన ఏ టీచరునైనా అడగండి. ఈ చిల్లర విషయాల్లోంచే గైర్హాజరు మొదలవుతుంది.

కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ ప్లస్ లెక్కల్లో ఒక వరుస ఉంది. రెండో తరగతి దాటి మూడుకు వెళ్తున్న పిల్లలు దేశవ్యాప్తంగా నూటికి 98.6 మంది. ఐదు నుంచి ఆరుకు వచ్చేసరికి అది 92.2కు పడిపోతుంది. ఎనిమిది నుంచి తొమ్మిదికి 86.6. పేదరికం, కూలి పనులు, బాల్య వివాహాలు, పరీక్షల భయం... కారణాలు మనందరికీ కంఠస్థమే, వాటిలో ఏదీ అబద్ధం కాదు. కానీ మూడు నుంచి నాలుగుకు వెళ్లేటప్పుడూ ఆ ఇంట్లో పేదరికం ఉంది కదా. గండి పెద్దదయ్యే చోటు, చాలా ఊళ్లలో పిల్లలు బడి మారే చోటు, రెండూ ఒకటే కావడాన్ని మనం సరిగ్గా పట్టించుకోలేదు.

నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి ఇంటికి కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది తరగతులు మూడు కిలోమీటర్ల లోపు, హైస్కూలు ఐదు కిలోమీటర్ల లోపు ఉండాలి. తరగతి పెరిగేకొద్దీ దారి పెరుగుతుంది. అదే సమయంలో ఆ దారిన నడిచే జట్టు పలచబడుతుంది. ఒకరికి గురుకులంలో సీటు వస్తుంది, ఒకరిని టౌనులో ప్రైవేటు బడి బస్సు ఎక్కిస్తారు, ఒకరిని అమ్మమ్మ గారింట్లో ఉంచి చదివిస్తారు. మిగిలిపోయిన పిల్లను చేల గట్ల మీదుగా ఒక్కదాన్నే పంపడానికి ఏ తల్లీ ఒప్పుకోదు. ‘తల్లిదండ్రులు చదువు మాన్పించారు’ అని రికార్డులో రాసుకుంటాం. తోడు లేక మానేసింది అని రాయడానికి అందులో గడి లేదు.

బిహార్ ఈ విషయంలో మనకు ఒక పాఠం చెప్పింది. అక్కడ 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఆ పథకాన్ని పరిశీలించి, హైస్కూల్లో ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయని, మగపిల్లలతో అంతరం 40 శాతం తగ్గిందని తేల్చారు. హైస్కూలు మూడు కిలోమీటర్లకు పైన ఉన్న ఊళ్లలోనే ఫలితం ఎక్కువ కనిపించింది. అందరం చెప్పుకునేది ఇంతవరకే. అదే పరిశీలనలో ఇంకో మాట ఉంది: ఊళ్లోని ఆడపిల్లలందరికీ ఒకేసారి సైకిళ్లు అందడంతో వాళ్లు గుంపుగా బడికి వెళ్లడం మొదలుపెట్టారు, దానితో దారిలో భద్రత పెరిగింది. ఒక్కరికే సైకిలు ఇచ్చి ఉంటే ఈ ఫలితం వచ్చేదా అన్నది నా అనుమానం. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో ఆడపిల్లలకు సైకిళ్లు పంచిన రోజులున్నాయి. మన చర్చంతా ఎన్ని సైకిళ్లు, ఏ రంగు సైకిళ్లు అన్నదాని చుట్టూనే తిరిగింది. ఎంతమంది కలిసి తొక్కారన్నది ఎవరూ అడగలేదు.

బడి మార్పు వల్ల జరిగే నష్టం పేద దేశాలకే పరిమితం కాదు. ఇంగ్లండ్‌లో పదకొండేళ్లకు హైస్కూలుకు మారిన పిల్లల్లో ప్రతి ఐదుగురిలో ఇద్దరి దాకా మొదటి ఏడాదిలో ఆశించినంత ముందుకు వెళ్లడం లేదని మారిస్ గాల్టన్ బృందం 1999లో అక్కడి ప్రభుత్వానికి నివేదించింది. అమెరికాలోని మిల్వాకీలో సిమన్స్, బ్లైత్ 1987లో ప్రచురించిన అధ్యయనమైతే ఇంకా సూటిగా ఉంటుంది. ఎనిమిదో తరగతి దాకా ఒకే బడిలో చదివిన ఆడపిల్లల కన్నా ఏడో తరగతికే పెద్ద బడికి మారినవారిలో తమ మీద తమకున్న నమ్మకం ఎక్కువగా దెబ్బతింది. యౌవనంలోకి అడుగుపెట్టే వయసూ, బడి మారడమూ ఒకేసారి వచ్చి పడటమే కారణమని వారు చెప్పారు. ఇది చదివాక ఇంగ్లండ్ హైస్కూళ్లు చేసేదాంట్లో వింతేమీ అనిపించదు. కొత్తగా చేరబోయే పిల్లల్ని ‘నీకు ఎవరితో ఉండాలనుంది?’ అని అక్కడ చాలా బడులు ముందే అడుగుతాయి. చెప్పిన పేర్లలో కనీసం ఒకరు అదే సెక్షన్లో ఉండేలా చూస్తాయి. పై తరగతి పిల్లల్లో ఒకరిని ‘బడ్డీ’గా అప్పగిస్తాయి.

మనం ఏం చేశామో చూడండి. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 117తో 3, 4, 5 తరగతుల్ని కిలోమీటరు లోపు హైస్కూళ్లకు తరలించింది. చిన్న తరగతులకూ సబ్జెక్టు టీచర్లు ఉండాలన్నది ఆలోచన. ఆ ఆలోచన తప్పనలేం. ఊరూరా తల్లిదండ్రులు బడుల ముందు కూర్చున్నారు, 2025లో కొత్త ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసింది. మూడేళ్లూ వాదోపవాదాలు టీచరు పోస్టుల మీద, దూరం మీద, రోడ్డు దాటడం మీద సాగాయి. ఎనిమిదేళ్ల పిల్లాడు పదో తరగతి వాళ్ల మధ్య విరామ సమయంలో ఎక్కడ ఆడుకోవాలి, ఒకటో తరగతి చెల్లిని పాత బడిలో వదిలి వెళ్లే అక్క ఏమవుతుంది అన్న ప్రశ్నలు ఉత్తర్వుల్లో లేవు, ధర్నాల్లోనూ పెద్దగా వినిపించలేదు. తరలింపు జరిగింది, తర్వాత తిరుగు తరలింపూ జరిగింది. రెండుసార్లూ పిల్లలు అంకెలుగానే కదిలారు.

గురుకులాల సంగతి ఇంకొంచెం లోతైనది. ఉమ్మడి రాష్ట్రంలో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేలులో మొదలైన ఈ పద్ధతి, ఇవాళ తెలంగాణలోనే వెయ్యికి పైగా బడులకు విస్తరించింది. ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష, ర్యాంకును బట్టి, రిజర్వేషన్ను బట్టి సీటు. ఒకే ఊరి నుంచి ఇద్దరు నేస్తాలు పరీక్ష రాస్తే ఒకరు ఒక మూలకు, ఒకరు ఇంకో మూలకు పోవచ్చు. ట్రంకు పెట్టె, బకెట్టు, దుప్పటితో తొమ్మిది పదేళ్ల పిల్లను గేటు దగ్గర వదిలేసి తండ్రి బస్సెక్కుతాడు. మొదటి నెలంతా బెంగే. జ్వరమని కబురు పంపితే, ఇంటికి తీసుకొచ్చిన రెండో రోజుకే ఆ జ్వరం తగ్గిపోవడం వార్డెన్లకు కొత్త కాదు. ఆ నెల గట్టెక్కించేది చాలాసార్లు ప్రిన్సిపాల్ కాదు, పక్క మంచం మీద ఉన్న ఎనిమిదో తరగతి అక్క. జడ వేయడం, బట్టలు ఆరేసిన చోటు గుర్తుపెట్టుకోవడం, ఫోన్ రోజున వరుసలో ముందు నిలబడటం ఆమే నేర్పుతుంది. అలాంటి అక్క దొరకడం ప్రస్తుతం అదృష్టం మీద ఆధారపడి ఉంది.

నవోదయ విద్యాలయాలు అదృష్టానికి ఇంత వదలలేదు. ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని నాలుగు హౌస్‌లు, ప్రతి హౌస్‌లో చిన్నా పెద్దా కలిసే ఉంటారు. ఆ బడుల్లో ఇంకో ఏర్పాటు ఉంది. తొమ్మిదో తరగతిలో 30 శాతం మందిని ఏడాది పాటు మరో భాషా ప్రాంతానికి పంపుతారు. మన పిల్లలు హిందీ రాష్ట్రాలకు వెళ్తారు, అక్కడివాళ్లు ఇక్కడికొస్తారు. పధ్నాలుగేళ్ల వయసులో భాష, తిండి, చలి అన్నీ కొత్తే. అయినా ఆ ఏడాదిని జీవితాంతం ఇష్టంగా చెప్పుకునే పూర్వ విద్యార్థులు చాలామంది కనిపిస్తారు. వాళ్లు ఒక్కొక్కరుగా కాక ఒక జట్టుగా వెళ్లడం దీనికి పెద్ద కారణమని నేననుకుంటాను. నాట్లప్పుడు కుదురుకు రెండు మూడు మొక్కలు కలిపి పెడతారు రైతులు. విద్యాశాఖ ఒంటి మొక్కలు నాటుతోంది.

పెద్ద తరగతి వాళ్లకు చిన్నవాళ్లను అప్పగిస్తే చాకిరీ చేయించుకోరా, కొట్టరా? ఇది ఊహించి అడిగే ప్రశ్న కాదు. హాస్టల్లో ఉన్నవాళ్లందరికీ సీనియర్ల బట్టలు ఉతికిన జూనియర్లు తెలుసు. ర్యాగింగ్ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది. 2009లో యూజీసీ తెచ్చిన నిబంధనల్లో శిక్షలే అందరికీ గుర్తున్నాయి కానీ వాటిలోనే మెంటరింగ్ విభాగం గురించి ఉంది: కొత్తగా చేరిన ప్రతి ఆరుగురికి ఒక సీనియర్, అలాంటి ఆరుగురు సీనియర్లకు పై స్థాయిలో ఇంకొకరు. అధికారం చాటుగా నడిస్తే ర్యాగింగ్, పేరు రాసి, లెక్క అడిగితే సాయం అన్న అవగాహన ఆ నిబంధన రాసినవారికి ఉంది. కాలేజీలకు రాసిన ఈ తెలివి హైస్కూళ్లకు, గురుకులాలకు ఎందుకు దిగిరాలేదో తెలియదు. పద్దెనిమిదేళ్ల వాడికి తోడు కావాలని ఒప్పుకున్నాం, పదేళ్ల పిల్లకు అక్కర్లేదనుకున్నాం.

ఇంటర్ గురించి రెండు మాటలు చాలు. కార్పొరేట్ కాలేజీల్లో పరీక్ష పరీక్షకూ మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తుంటారు. పక్క బెంచీవాడితో పలకరింపు మొదలయ్యేసరికి ఒకడు పై సెక్షనుకో, ఒకడు కింది సెక్షనుకో పోతాడు. పక్కవాడు నేస్తం కాకూడదు, పోటీదారుగానే ఉండాలన్నది ఈ పద్ధతి ఉద్దేశం కాకపోవచ్చు, ఫలితం మాత్రం అదే. పిల్లల ఆత్మహత్యలు జరిగినప్పుడల్లా కౌన్సెలర్లను పెట్టాలంటాం. మూడు నెలలు ఒకే బెంచీ మీద కూర్చోనివ్వాలని ఎవరూ అనరు.

స్నేహం జీవోతో పుట్టదన్న ఆక్షేపణ సరైనదే. అప్పగించిన బడ్డీ నేస్తం కావాలని ఆశించనూ కూడదు. ‘బెస్ట్ బడ్డీ’ అని బ్యాడ్జీలిచ్చి, ఫొటోలు యాప్‌లో పెట్టమంటే ఆ పని అక్కడితో చస్తుంది. క్లాస్ లీడర్ అంటే మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసేవాడు అనే స్థితికి మనం ఇంతకుముందే ఒక మంచి ఏర్పాటును దిగజార్చాం. బడ్డీ పని చిన్నది. జపాన్ ప్రాథమిక బడుల్లో ఆరో తరగతి పిల్లలు కొత్తగా వచ్చిన ఒకటో తరగతి వాళ్లకు వడ్డించుకోవడం, గది ఊడ్చుకోవడం దగ్గరుండి చూపిస్తారు. అలాగే ఇక్కడా మొదటి మూడు వారాలు, ఒక ఎనిమిదో తరగతి పిల్లకు ఇద్దరు ముగ్గురు ఆరో తరగతి వాళ్లు. కుళాయి, బాత్రూము, భోజనం వరుస, ఏ సారుకు ఏ నోట్సు. వారానికోసారి క్లాస్ టీచరు చిన్నవాళ్లను విడిగా పిలిచి అడగాలి. తర్వాత వాళ్లు నేస్తాలవుతారా లేదా అన్నది వాళ్లిష్టం.

రెండో పని ఇంకా తేలిక. ఏప్రిల్‌లో ఊరి బడి టీచరు టీసీలతో పాటు ఒక తెల్లకాగితం మీద పిల్లల జతలు రాసివ్వాలి: ఎవరు ఎవరితో వస్తారు, ఎవరిని విడదీయకూడదు, ఎవరిని విడదీస్తేనే మంచిది. ఈ మూడోదీ ముఖ్యమే, ఎందుకంటే ఐదేళ్లు ఒకడి చేత దెబ్బలు తిన్న పిల్లాడికి కొత్త బడి విడుదల కూడా. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు రెండు రాష్ట్రాల్లోనూ జరుగుతూనే ఉన్నాయి, ఆ కాగితం చేతులు మారడానికి అదే చోటు సరిపోతుంది. ఏ, బీ సెక్షన్లను చేరిన తేదీ ప్రకారం, అక్షర క్రమంలో, లేదా మార్కుల్ని బట్టి విడదీయాలని హైస్కూలు హెచ్‌ఎంకు ఏ ఉత్తర్వూ చెప్పలేదు. అలవాటు చొప్పున జరుగుతోంది. జూన్ 12న బడి తెరిచేలోగా ఆ జాబితాను ముందు పెట్టుకుని సెక్షన్లు వేయడానికి ఆయనకు నిధులు అక్కర్లేదు, డీఈవో అనుమతీ అక్కర్లేదు.