ఎవరి కాటాకు వారే ముద్ర

వినియోగదారులను తప్పుదోవ పట్టించే డిజైన్లు తమ వద్ద లేవని 26 ఈ-కామర్స్‌ సంస్థలు రాసిచ్చిన స్వీయ ధ్రువీకరణ పత్రాలను కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2025 నవంబరులో ఘన విజయంగా చాటుకుంది. మిగతా కంపెనీలూ ఇదే బాట పట్టాలని ఉద్బోధించింది. ఫ్రీ ట్రయల్‌ అని నమ్మి నొక్కిన పాపానికి నెలనెలా ఖాతాలోంచి డబ్బు పోగొట్టుకుంటున్నవారికి ఈ ప్రకటన చెబుతున్నది ఒక్కటే: తప్పు చేశారా అని వాళ్లనే అడిగాం, లేదన్నారు, నమ్మేశాం.

‘తనిఖీ చేసుకున్నాం, మాలో లోపం లేదు’ అన్న ఈ మాటే అన్నింటికంటే అభ్యంతరకరం. తనిఖీ చేసిందెవరు? సొంత సిబ్బంది, లేదా తామే డబ్బిచ్చి పెట్టుకున్న ఆడిటర్లు. వీధి చివర కూరగాయల బండి మీది కాటాకు సైతం తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. నా కాటా సరిగ్గానే ఉందని బండివాడు కాగితం రాసిస్తే ఏ ఇన్‌స్పెక్టరూ ఒప్పుకోడు. ఆ తూనికలు, కొలతల చట్టాన్ని ఢిల్లీలో పర్యవేక్షించేదీ ఈ వినియోగదారుల వ్యవహారాల శాఖే! పావుకిలో వంకాయల దగ్గర చూపే పట్టుదల కోట్లాది ఖాతాల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోయింది?

ఇలాంటి డిజైన్లపై 2023 నవంబరు 30న వెలువడిన మార్గదర్శకాలు 13 రకాల మాయలను నిషేధించాయి. వాటిలో ‘సబ్‌స్క్రిప్షన్‌ ట్రాప్‌’ ఒకటి. రద్దు చేసుకునే దారిని దాచడం, దాన్ని చాంతాడంత పొడిగించడం మాత్రమే కాదు, ఉచిత చందా ఇస్తామంటూ కార్డు వివరాలో ఆటోపే అనుమతో బలవంతంగా తీసుకోవడమూ ఆ నిర్వచనం ప్రకారం తప్పే. ఇప్పుడు సినిమాలు, జాతకాలు, ఇంగ్లిష్‌ పాఠాలు, ఫొటోల ఎడిటింగ్‌ అంటూ ఫోన్‌లో ఊరించే యాప్‌లను తెరిచి చూడండి. ఆటోపే అడగని ‘ఉచితం’ ఎక్కడైనా కనబడితే అది ఆ రోజు అదృష్టం. నిబంధన కంట పడకుండా ఉచితానికి బదులు ‘ఒక్క రూపాయి’ ట్రయల్‌ పెట్టే తెలివీ వచ్చేసింది. రూపాయే కదా అని యూపీఐ పిన్‌ కొడతారు. వందల్లో కోత పడేందుకు అనుమతి ఇచ్చేశామన్న సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. 15 వేల రూపాయల్లోపు కోతలకు ఆ తరవాత మళ్లీ పిన్‌, ఓటీపీ అక్కర్లేదు. 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలని రిజర్వ్‌ బ్యాంకు నిబంధన పెట్టింది, నిజమే. ఆ మెసేజ్‌ లోన్లు, లాటరీల ఎస్సెమ్మెస్‌ల గుంపులో ఇంగ్లిషులో వచ్చి పడుతుంది. అందులో కనిపించేది చాలాసార్లు యాప్‌ పేరు కాదు, ఎన్నడూ వినని ఏదో ప్రైవేట్‌ లిమిటెడ్‌ పేరు.

పైగా, పత్రాలిచ్చిన ఆ 26లో ఎక్కువ భాగం సరుకులు, బట్టలు, మందులు, టికెట్లు అమ్మేవే. ట్రయల్‌ ఉచ్చు పన్నే యాప్‌ల ప్రపంచాన్ని ఈ పండగ తాకనే లేదు.

స్వీయ తనిఖీ విలువ ఎంతో తెలుసుకోవాలంటే అమెరికా వైపు చూస్తే చాలు. ప్రైమ్‌ సభ్యత్వంలోకి జనాన్ని వారి స్పష్టమైన సమ్మతి లేకుండా చేర్చుకుందని, బయటకు వెళ్లే దారిని చిక్కుముడిగా మార్చిందని అమెజాన్‌పై ఫెడరల్‌ ట్రేడ్‌ కమిషన్‌ 2023 జూన్‌లో దావా వేసింది. సభ్యత్వం రద్దు ప్రక్రియకు కంపెనీ లోపల పెట్టుకున్న పేరు ‘ఇలియడ్‌’ అని ఆ దావాలో బయటపడింది. హోమర్‌ సుదీర్ఘ యుద్ధకావ్యం పేరు! సిగ్గుపడాల్సిన చోట ఈ సాహిత్యాభిమానం ఏమిటో. 2025 సెప్టెంబరులో సియాటిల్‌ కోర్టులో విచారణ మొదలైన రోజుల్లోనే, తప్పు ఒప్పుకోకుండానే, 250 కోట్ల డాలర్లకు అమెజాన్‌ రాజీ పడింది. అందులో 150 కోట్లు వినియోగదారులకు వాపసు. ఆ కంపెనీని ముందే ‘మీలో మాయ డిజైన్లు ఉన్నాయా’ అని అడిగి ఉంటే ఏమని రాసిచ్చేదో వేరే చెప్పాలా? నిజాన్ని బయటకు లాగింది లోపలి కాగితాలను బల్ల మీద పెట్టించిన దర్యాప్తు. కంపెనీ ఆత్మపరిశీలన కాదు.

తెలియక జరిగిందనడానికీ వీల్లేదు. ఏ బటన్‌ ఏ రంగులో ఉంటే ఎందరు నొక్కుతారో పరీక్షించి చూసుకునే వ్యాపారాలివి. ట్రయల్‌ ముగిశాక ఒక్కసారీ యాప్‌ తెరవకుండా ఎందరు డబ్బు కడుతున్నారో, రద్దు పేజీ దాకా వచ్చి విసుగెత్తి ఎందరు వెనుదిరిగారో వాళ్ల సర్వర్లలో అంకెలతో సహా ఉంది. నిజంగా తనిఖీ చేసుకున్నవారు ముందుగా ఆ అంకెల్నే చెప్పాలి.

యూపీఐ యాప్‌లోకి వెళ్లి ఆటోపే అనుమతిని (మ్యాండేట్‌ను) రద్దు చేసుకునే వీలుందన్న వాదనలో నిజం ఉంది. ఉచ్చు పన్నినవాడి బాధ్యత దానితో తీరదు.

వినియోగదారుల హక్కులను ఒక వర్గంగా కాపాడటానికే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పుట్టింది. అన్యాయమైన వ్యాపార పద్ధతులను ఆపించే అధికారం 2019 చట్టం 20వ సెక్షన్‌లోనే ఉంది. తప్పుదారి పట్టించే ప్రకటనకు గరిష్ఠ జరిమానా 10 లక్షల రూపాయలు, మళ్లీ చేస్తే 50 లక్షలు. పెద్ద కంపెనీలకు ఇది టీ ఖర్చు. పార్లమెంటు దాన్ని సంస్థ టర్నోవరుతో ముడిపెట్టాలి. ట్రయల్‌ అయ్యాక తొలి కోతకు మళ్లీ పిన్‌ అడగడాన్ని రిజర్వ్‌ బ్యాంకు తప్పనిసరి చేయాలి. ఇక ఆ 26 పత్రాల మాటకొస్తే, ఏ తెరను ఎవరు ఏ తేదీన పరిశీలించారో, ఏం దొరికిందో చెప్పే పూర్తి ఆడిట్‌ నివేదికలను శాఖ తెప్పించి ప్రజల ముందు పెట్టాలి. ఇవ్వలేమన్న సంస్థల పేర్లను ఆ జాబితా నుంచి తీసేయాలి.