ఊరిని పట్నంలో కలిపేముందు ఎవరిని అడిగారు?

మా ధర్మసాగర్ చెరువు నీళ్లు వరంగల్ నగరం తాగుతుంది. ఆ నగరపాలక సంస్థలో మాకు ఓటు లేదు. మిమ్మల్నీ కలిపేస్తే సరిపోతుందిగా అంటారు కొందరు పట్నం మిత్రులు. కలిపిన ఊళ్ల గతి చూసి మాట్లాడదాం.

2013లో 42 గ్రామాలను వరంగల్ కార్పొరేషన్‌లో కలిపారు. మా పొరుగున ఉన్న మడికొండ వాటిలో ఒకటి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామీణ కుటుంబాలకే. ఊరు పట్టణం అనిపించుకోగానే ఏడాదికి 100 రోజుల పని హక్కు పోయింది. తెలంగాణలో ఆ పనికి వెళ్లినవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. పొలాల్లో పనుల్లేని ఎండాకాలంలో, ఆడా మగా ఒకే రేటున కూలి దొరికిన పని అది. మనిషి అదే కూలిమనిషి, కాగితం మీద మాత్రం పట్నవాసి. దీన్ని అభివృద్ధి అనడానికి నోరెలా వస్తుంది? (నగరం చెత్తను ఏళ్లతరబడి పోసింది కూడా మడికొండ దగ్గరే. ఆ పొగ సంగతి అక్కడి తల్లులనడగండి.)

గ్రామసభా పోయింది. ఎంత తూతూమంత్రంగా జరిగినా అందులో లేచి సర్పంచును నిలదీయొచ్చు. పట్నంలో దానికి బదులు వార్డు కమిటీలట! 3 లక్షల జనాభా ఉన్నచోట అవి ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ 1993 నుంచీ చెబుతోంది. 2019 మున్సిపల్ చట్టం వార్డుకో మహిళా కమిటీ కూడా వేయమంది. మీ వార్డులో దాని సభ్యులెవరో, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారో కనుక్కోండి. సగం సీట్లు ఆడవాళ్లకిచ్చామని చెప్పుకునేవాళ్లను మనం అడగాల్సింది ఇదే.

ఇకమీదట ఏ ఊరిని కలపాలన్నా ముందు గ్రామసభ పెట్టాలి. పోయే పనికి బదులు ఏం పనిస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. వార్డు కమిటీ సభ్యుల పేర్లు ఊరి గోడల మీద రాయించాలి.