ఆపితే ఎక్కువైతున్నది

మా ఇంట్లో అద్దం కింద చిన్న గూడు ఉంది. రేజరు, దువ్వెన, పారేయడం మర్చిపోయిన బ్లేళ్లు, వాటి పక్కన ఒక ట్యూబు. దాన్ని తోక నుంచి చుట్టుకుంటూ వచ్చి, చివరికి దువ్వెన వీపుతో నొక్కి, ఆఖరి చుక్క దాకా పిండుకునేవాడిని. టూత్‌పేస్టు మీద కూడా ఎన్నడూ అంత పొదుపు చూపలేదు.

ఇంట్లోకి అది కటింగ్ షాపు నుంచి వచ్చింది. గడ్డం గీసినప్పుడల్లా దవడ కింద ఎర్రటి పొక్కులు లేచేవి. ఆరేళ్ల కింద ఒకరోజు మా కటింగ్ షాపాయన "ఇది రాయండి సార్, పొద్దుగాలకు సాఫ్ అయితది" అని వేలికొసన ఇంత తీసి పెట్టిండు. నిజంగానే సాఫ్ అయింది. మర్నాడు మెడికల్ షాపులో ఆ ట్యూబు పేరు చెప్పి ఒకటి తెచ్చుకున్నా. తర్వాత నెలకొకటి. ఆరేళ్లలో ఆ షాపాయన డాక్టర్ చిట్టీ ఉందా అని ఒక్కసారీ అడగలేదు. అడిగిందల్లా చిల్లర ఉందా అని.

ఇంకో సంగతి దాచడం దేనికి. పొక్కులు పోవడమే కాకుండా మొఖం తేటపడింది. పుట్టినప్పటి నుంచి నల్లగానే బతికినవాణ్ని. ఆఫీసులో ఇద్దరు ముగ్గురు "ఏం సార్, ఈ మధ్య మెరుస్తున్నరు" అన్నరు. పొక్కులు తగ్గినంక కూడా రోజూ రాయడానికి అసలు కారణం ఆ మాటే.

మేడారం జాతరకు పోయినప్పుడు ట్యూబు ఇంట్లో మర్చిపోయిన. మూడో రోజుకు బుగ్గలు ఎర్రబడి సెగలు కక్కినయి. దుమ్ము, ఎండ, జనం అనుకున్నం. ఇంటికొచ్చి ఒక్క పూత రాస్తే సాయంత్రానికి చల్లబడింది. చూసినవా, ఇది లేకపోతే నా మొఖం పనికిరాదు అని మా ఆవిడతో గొప్పగా చెప్పిన. ఇంకోసారి, ఎవరో చెప్పగా విని, నా అంతట నేనే ఆపి చూసిన. ఐదో రోజు పొద్దున రెండు కళ్లూ సగమే తెరుచుకున్నయి. చర్మం ఉల్లిపొరలా లేచి దిండు మీద రాలింది. చల్లనీళ్లు తగిలినా మంట. సీజన్ల ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి బస్తాల మధ్య తిరిగొచ్చి మర్చిపోయి మొఖం తుడుచుకుంటే ఎట్లుంటదో, పొద్దంతా అట్లనే. ఆరో రోజు మళ్లీ ట్యూబు తెరిచిన. మళ్లీ చల్లబడింది.

ఈ లెక్క ఎంత నమ్మకంగా తప్పో చూడండి. రాస్తే తగ్గుతోంది, ఆపితే పెరుగుతోంది, కాబట్టి ఇదే మందు. తాగుబోతు కూడా ఇదే లెక్క చెబుతాడు. పొద్దున చేతులు వణుకుతుంటే ఒక పెగ్గు వేస్తాడు, వణుకు ఆగుతుంది, ఇక మందు మంచిదేనని తేల్చేస్తాడు.

నా ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. ఆ పూత చర్మంలోని సన్నటి రక్తనాళాలను బిగించి పెడుతుంది. ఎరుపు తగ్గి తెల్లబడ్డట్టు కనబడేది అందుకే. ఏళ్ల తరబడి బిగించి ఉంచి ఒక్కసారి వదిలేస్తే అవి మునుపటి కంటే ఎక్కువ విచ్చుకుంటాయి. మంట, వాపు, ఎరుపు అక్కడి నుంచే. ఈలోగా లోపలి కొలాజెన్ తరిగి చర్మం పలచబడి ఉంటుంది, పైన కాపలా కాసే పొర బలహీనపడి ఉంటుంది. సబ్బు, ఎండ, చెమట, ఏది తగిలినా ఓర్చుకోదు. పైగా మొఖం మందును పీల్చుకున్నంతగా చెయ్యి పీల్చుకోదు. ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు 1967లో దీన్ని కొలిచి చూశారు. ముంజేతి లోపలి వైపు పీల్చుకునే హైడ్రోకార్టిసోన్‌ను ఒకటి అనుకుంటే నుదురు 6, దవడ మూల 13. సరిగ్గా ఆ దవడ మూలల మీదే నేను ఆరేళ్లు రుద్దింది.

ఈ కథలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్. మంగు మచ్చల కోసం 1975లో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపి ఒక పూత తయారుచేసింది ఆయనే. మన దగ్గర డెక్సామెథసోన్ తీసి దానికంటే గట్టిదైన మోమెటసోన్ కలిపిన రకం మందుల షాపుల్లో 'తెల్లబడే క్రీము'గా చెలామణి అవుతోంది. అదే క్లిగ్మన్ 1979లో ఫ్రాష్ అనే సహచరుడితో కలిసి 'స్టెరాయిడ్ వ్యసనం' అని పేరు పెట్టి ఒక వ్యాసం రాశాడు. పూత ఆపితే మొఖం ఎట్లా ఎదురుతిరుగుతుందో అందులో చెప్పాడు. ఫార్ములా సముద్రం దాటి వచ్చింది. హెచ్చరిక మాత్రం ఒడ్డునే ఆగిపోయింది.

చివరికి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి పోయిన. లోపలున్న డాక్టరమ్మ "ఏమైంది?" అని అడగలేదు. "ఏం పూస్తున్నారు?" అని అడిగింది. జేబులోంచి ట్యూబు తీసి చూపిస్తే చదవకుండానే పక్కన పెట్టి, లైటు దగ్గరికి రమ్మని బుగ్గ మీద దారపు పోగుల్లాంటి ఎర్రటి గీతలు చూసి 'టెలాంజియెక్టేసియా' అని రాసుకుంది. తెలంగాణ పేరు మీద జబ్బు కూడా పెట్టారా అనుకున్నా ఒక్క క్షణం. గ్రీకు మాటట, సాగిన నాళాలని అర్థం.

నాలాంటి మొఖానికి మన దేశపు డాక్టర్లే ఒక పేరు పెట్టారు. స్టెరాయిడ్ పూతల వల్ల దెబ్బతిన్న మొఖం అని దాని అర్థం, పొట్టిగా టీఎస్‌డీఎఫ్. కోల్‌కతా డాక్టర్లు కౌశిక్ లాహిరి, అరిజిత్ కూండూ దాన్ని వాడుకలోకి తెచ్చారు. దేశంలో పలుచోట్ల మొఖం మీది చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో అచ్చువేసిన అధ్యయనం ఒకటుంది. అందులో 433 మంది స్టెరాయిడ్ పూస్తున్నవాళ్లు. వాళ్లలో 257 మందికి దాన్ని చెప్పింది డాక్టరే కాదు. 126 మంది తెల్లబడడానికో, మామూలు క్రీములాగో, గడ్డం గీసుకున్నాక రాసుకోవడానికో వాడుతున్నారు. ఆ చివరి మాట దగ్గర నేను కాసేపు ఆగిన. ఇది ఆడపిల్లల ఫెయిర్‌నెస్ పిచ్చి అని ఊరంతా చెప్పుకుంటున్నప్పుడు నా గడ్డం లెక్క అందులో ఎప్పుడో పడిపోయింది. 433 మందిలో 392 మందికి ఏదో ఒక దుష్ఫలితం కనబడింది.

మన భాష కూడా ఇక్కడ కొంచెం మోసం చేస్తుంది. 'తామర' అంటే గుండ్రంగా పాకే శిలీంధ్రపు మచ్చా, ఎగ్జిమానా? పేపర్లలో రెండింటికీ అదే మాట. మెడికల్ షాపులో "తామరకు ఏదన్న ఇయ్యి" అంటే రెండింటికీ అదే ట్యూబు. ఎగ్జిమా ఒంటి లోపలి తగువు, స్టెరాయిడ్ దాన్ని కాసేపు శాంతపరుస్తుంది. శిలీంధ్రానికి స్టెరాయిడ్ పూస్తే దాని మీద దుప్పటి కప్పినట్టే. దురద తగ్గుతుంది, ఎరుపు మాయమవుతుంది, అది లోపల హాయిగా పాకుతుంది. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, శిలీంధ్రాల మందు మూడూ కలిపిన ట్యూబులు ఇష్టమొచ్చినట్టు వాడడం వల్లే మన దగ్గర తామర మొండికెక్కిందని చర్మ డాక్టర్లు మొత్తుకుంటున్నారు. టెర్బినాఫిన్‌కు చాలాసార్లు లొంగని ఒక రకానికి 2020లో జపాన్ పరిశోధకులు పెట్టిన పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే. ఆ 'ఇండో' మనమే.

మరి చట్టం? స్టెరాయిడ్లు షెడ్యూల్ హెచ్ మందులే అయినా పైపూతలకు అందులో మినహాయింపు ఉండేది. చర్మ డాక్టర్ల సంఘం ఏళ్ల తరబడి వెంటపడగా 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్లకు ఆ మినహాయింపు తీసేసింది. ఇప్పుడు డబ్బా మీద ఎర్రగీత, రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చిట్టీ మీదే అమ్మాలనే హెచ్చరిక. పొట్టిగా రాస్తే అదీ ఆర్ఎంపీయే! మా వైపు ఆర్ఎంపీ అంటే సైకిల్‌మోటార్ మీద సంచి తగిలించుకొని వచ్చి, ఏ జబ్బుకైనా ఒక సూది, ఒక ట్యూబు ఇచ్చిపోయే మనిషి. చట్టం ఒక ఆర్ఎంపీని తలచుకుంటే ఊరు ఇంకో ఆర్ఎంపీని పిలుచుకుంది. నకిలీ క్లినిక్కుల మీద అధికారులు దాడులు చేసినప్పుడు పేపర్లో ఫొటోలు పడతాయి. కౌంటర్ వెనక అరలో ఉన్న ట్యూబుకు మాత్రం ఫొటో పడదు. ఒక్క చిట్టీ అడగడానికి మెడికల్ షాపాయనకు పట్టేది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లు అడిగించలేని చట్టం ఉన్నా లేనట్టే అని నా అభిప్రాయం.

ఆపడం ఎట్లా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. డాక్టరమ్మ నన్ను ఒక్కసారిగా ఆపనియ్యలేదు. ఆరేళ్ల అలవాటు కాబట్టి ముందు కొన్నాళ్లు అన్నిటికంటే మెత్తని హైడ్రోకార్టిసోన్, తర్వాత అదీ బంద్. దాని స్థానంలో స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ లేపనం, కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ మాత్ర. ఆ లేపనం రాసిన మొదటి రోజుల్లో అదీ మండుతుంది. ఆ సంగతి ముందే చెప్పి ఉండకపోతే ట్యూబు దగ్గరికే తిరిగి పోయేవాణ్ని. సబ్బు లేదు. రేజరు లేదు. చల్లనీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డ పది నిమిషాలు, తడి ఆరకముందే వాసన లేని వాజిలిన్ పలచగా, ఎండలోకి పోతే తలకు టోపీ. ఇంతే. ఇది నా చిట్టీ, మీది కాదు. దీన్ని కత్తిరించి మెడికల్ షాపులో చూపిస్తే నేను ఇప్పటిదాకా రాసిందంతా దండగ.

రెండో వారం అన్నిటికంటే పాడుగా గడిచింది. మంటను ఓర్చుకోవచ్చు, మనుషులనే ఓర్చుకోలేకపోయిన. కాలి మీద ఎగ్జిమా ఉంటే ప్యాంటు కప్పుతుంది. మొఖాన్ని ఎక్కడ పెట్టాలి? సుబేదారి నుంచి చౌరస్తా దాకా పోయొచ్చేసరికి "ఏమైంది మొఖానికి?" అని తొమ్మిది మంది అడిగిండ్రు, లెక్కపెట్టిన. వేడి చేసిందని ఒకరు సబ్జా నీళ్లు తాగమన్నరు. నిమ్మరసం పిండమన్నది ఇంకొకరు. పచ్చి చర్మం మీద నిమ్మరసం! వంకాయ మానెయ్యమని మా వదిన. పసుపు, వేపాకు, సున్నిపిండి, తేనె, అన్నీ వరసగా వచ్చినయి. ప్రేమతోనే చెప్పిండ్రు, కాదనను. కానీ ఆ తొమ్మిది మందిలో ఒక్కరన్నా "తగ్గుతదిలే" అని ఊరుకొని ఉంటే ఆ రోజు సాయంత్రం నేను గూట్లో చెయ్యి పెట్టి వెతికేవాణ్ని కాదు. మా ఆవిడ అప్పటికే ట్యూబు పారేసింది. నాకే ఇట్లుంటే పెళ్లిచూపుల వారం ముందు ఆపాలనుకునే పిల్ల సంగతి ఏంది? ఆ పిల్ల మళ్లీ పూస్తుంది. పూయక ఏం చేస్తుంది.

మూడు నెలలకు మంట పోయింది. దారపు గీతలు కొన్ని మిగిలినయి. గడ్డం ఇప్పుడు ట్రిమ్మర్‌తోనే. రంగు పాత రంగే.

ఇదంతా చదివి స్టెరాయిడ్ అంటేనే విషమనుకుంటే అది ఇంకో తప్పు. మా అక్క మనవడికి రెండేళ్లు, మోచేతి మడతల్లో ఎగ్జిమా. డాక్టర్ రాసిన మెత్తటి పూతను నా మొఖం చూసి భయపడి ఆపేసిండ్రు. పిల్లగాడు రాత్రంతా గోకి గోకి రక్తం కారి, చీము పట్టింది. అక్కకు నేనే చెప్పవలసి వచ్చింది: సరైన జబ్బుకు, సరైన రకం, సరైన రోజులు. కొలత కూడా డాక్టర్లు చెబుతారు. పెద్దవాళ్ల చూపుడు వేలి మొదటి కణుపు పొడుగునా పిండితే దాదాపు అర గ్రాము, అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2021లో స్టెరాయిడ్ పూతలు ఆపాక వచ్చే తిరుగుదెబ్బ గురించి హెచ్చరిక జారీ చేసింది. అక్కడ కూడా ఆ మందును నిషేధించలేదు.

మొన్న వాజిలిన్ డబ్బా కోసం అదే మెడికల్ షాపుకు పోయిన. నా ముందు ఒక అమ్మాయి, స్కూటీ తాళం వేలికి తిప్పుకుంటూ, కళ్లు తప్ప మొఖమంతా స్కార్ఫు. ట్యూబు పేరు చెప్పింది. షాపాయన వెనక్కి చూడకుండానే అరలోంచి తీసి కౌంటర్ మీద పెట్టిండు. ఊరుకోలేక "బిడ్డా, డాక్టర్ చెప్పిండా?" అన్న. ఆమె నన్ను ఎగాదిగా చూసి స్కార్ఫు కొంచెం కిందికి లాగింది. రెండు బుగ్గలూ కాలినట్టున్నయి.

"ఆపి చూసిన అంకుల్. ఆపితెనే ఎక్కువైతున్నది."

చెప్పాల్సింది చాలా ఉంది. షాపాయన చిల్లర లెక్కపెట్టి ఇచ్చేలోపు ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఆమె ట్యూబును డిక్కీలో వేసుకొని నయీంనగర్ దిక్కు పోయింది.

— ఓరుగల్లు వాసి