బస్సులలో న్యాయమెంత?

నిజాం రాజ్యమున 1932లో 27 బస్సులతో మొదలైన ప్రభుత్వ రవాణా క్రమముగా నేటి తెలంగాణ ఆర్టీసీగా రూపొందినది. 2023 డిసెంబరు 9 నుండి రాష్ట్రమందలి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో చార్జీ లేదు. కరీంనగరునకు చదువుకై వచ్చు పల్లె బాలికకు ఇది చిన్న మేలు కాదు. కాని బస్సెరుగని ఆదిలాబాదు గూడెమునకు ఉచిత టిక్కెట్టు వలన ఒరుగునదేమి?

టిక్కెట్లు ఎక్కినవారి సంఖ్య చెప్పును. ఎక్కలేకపోయినవారి మాట చెప్పవు. సగటును నమ్మరాదు. ఒక ఊరికి దినమునకు 20 బస్సులుండి, పొరుగూరికి ఒక్కటియు లేకున్నను సగటు 10 అగును! సంపద పంపకములోని ఎగుడుదిగుడులను చూపుటకు 1905లో అమెరికా ఆర్థికవేత్త లోరెంజ్ గీసిన వక్రరేఖ ఇచ్చట అక్కరకు వచ్చును. బస్సులు తక్కువగా నున్న చోటి జనులతో మొదలిడి అందరిని వరుసగా పేర్చి, మొదటి సగము మందికి మొత్తము బస్సులలో ఎంత వంతు దక్కెనో చూడవలెను. సగము దక్కినచో సమానత, తగ్గినకొలది అసమానత.

అయినను సమానతయే న్యాయము కాదు. ఇంట కారున్న వానికంటె ఆసుపత్రికి పోవలసిన వృద్ధురాలికి బస్సు అవసరము హెచ్చు. ఆ అవసరమును గూడ తూచినప్పుడే కొలత సరియగును.

ఈ లెక్కను ఉపాధ్యాయులు తరగతిలోనే చేయింపవచ్చును. ఇంటినుండి బస్సు ఆగు చోటికి నడక ఎంత? కడపటి బస్సు బడి విడిచిన పిదపనే వచ్చునా? ఆ జవాబులను పటముపై గుర్తించినచో, ఏ టిక్కెట్టులోను కనబడని ఊళ్లు అందు కనబడును.