సంతకం పెట్టావుగా!

మొన్న ఒక గృహప్రవేశంలో, భోజనాల బంతిలో పక్కన కూర్చున్న పెద్దాయన నాకు ధర్మం చెప్పారు. మూడు ఫ్లాట్లు అద్దెకిచ్చిన మనిషి. "అగ్రిమెంటు మీద సంతకం పెట్టావుగా బాబూ, మళ్లీ గొడవెందుకు? నచ్చకపోతే ఖాళీ చెయ్" అని పప్పులో ఇంకో చెంచా నెయ్యి వేయించుకున్నారు. చుట్టూ నలుగురూ తలూపారు. అందులో ఇద్దరు అద్దెకుండేవాళ్లే. నా మంటంతా వాళ్ల మీదే.

సంతకం ఎప్పుడు పెడతాం? బ్రోకరు కమీషను జేబులో వేసుకున్నాక, అడ్వాన్సు కట్టేశాక, గేటు ముందు సామాన్ల ట్రాలీవాడు హారన్ కొడుతుంటే, స్టాంపు పేపరు మీద వేలు చూపించిన చోటల్లా పెడతాం. అది ఒప్పందమట!

మియాపూర్‌లో మూడేళ్లున్న ఫ్లాటు ఖాళీ చేస్తున్నప్పుడు అపార్ట్‌మెంటు మేనేజరు ఫోను టార్చి వేసి గోడలు తడిమాడు, తాకట్టు కొట్లో నగ చూసినట్టు. క్యాలెండరు తీస్తే రెండు మేకు కన్నాలు. తలుపు పక్కన మా పాప ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు. "పెయింటింగుకి ఒక నెల అద్దె కట్ సార్. షిఫ్టింగ్ చార్జీ రెండు వేలు." రసీదు? "అసోసియేషన్ రూలు సార్." ఆ రూలు ఎక్కడ రాసుంది? అక్కడ నేను చూసిన రాత ఒక్కటే: "పనివాళ్లు ఈ లిఫ్టు వాడరాదు." గ్యాస్ బండ మోసేవాడికి మెట్లు, మూడో అంతస్తు కుక్కగారికి లిఫ్టు! దాన్ని ఇంకోసారి తిడతాను.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షనే చెబుతోంది: వాడకంలో సహజంగా వచ్చే అరుగుదల అద్దెదారు నెత్తిన పడదు, వేరేగా రాసుకుంటే తప్ప. ఆ 'తప్ప'లోంచే వీళ్లు దూరుతున్నారు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టమైతే గోడల సున్నం, తలుపుల రంగు యజమాని పట్టికలో వేసింది. ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదంది. నమూనా కదా, రాష్ట్రం తనది చేసుకుంటేనే దానికి ప్రాణం. మన తెలంగాణలోని 1960 అద్దె నియంత్రణ చట్టమా? నగరాల్లో నెలకు 3,500 దాటిన అద్దెల జోలికే రాదు. ఆ డబ్బుకు మియాపూర్‌లో స్కూటరుకు నీడ దొరికితే గొప్ప.

"నచ్చకపోతే పో" అనేదానికి జవాబు దండగ. పాప పరీక్షల మధ్య ఎక్కడికి పోవాలి?

ఏం చేయాలంటారా? తాళాలు తీసుకున్న రోజే గోడల ఫోటోలు తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపండి. ప్రతి రూపాయికీ రసీదు అడగండి. ఒక్కడడిగితే పేచీకోరు. పది ఫ్లాట్లవాళ్లు కలిసి అడిగితే ఏమవుతుందో మా అపార్ట్‌మెంటులో ఎవరూ చూడలేదు, నాతో సహా.

వారం తర్వాత పాత చిరునామాకు వెళ్లిన పార్సిలు కోసం పోయాను. కొత్తగా దిగిన కుర్రాడు తలుపు తీశాడు. అతని భుజం పక్కన పాప పెన్సిలు గీతలు, మూడూ అలాగే ఉన్నాయి. కొత్త రంగు వేసి ఇచ్చామని అతని అగ్రిమెంటులో రాశారట. సంతకం పెట్టాడట.