గ్రహణం పట్టింది ఎవరికి?

"గ్రహణం రోజున బయటికొచ్చావా? కత్తిపీట ముట్టుకున్నావా?" పురిటిమంచం మీద ఉన్న కోడల్ని అత్తగారు అడిగిన మొదటి మాట ఇది. బిడ్డ నుదురు ఎత్తుగా ఉంది. కళ్ళు ముందుకు పొడుచుకొచ్చాయి. ముఖం మధ్యభాగం లోపలికి పోయింది. వేళ్ళన్నీ అతుక్కుపోయాయి. డాక్టరూ తక్కువ తినలేదు. "కడుపుతో ఉండగా ఏం మందులు మింగావమ్మా?" అన్నాడు. ఆమెకు ఇరవై మూడేళ్ళు. వరండాలో నిలబడ్డ భర్తకు నలభై రెండు. అతని వయసు ఎవరూ అడగలేదు.

నేను ఆ గదిలోనే ఉన్నాను. ఇన్నేళ్ళుగా స్త్రీల మధ్య పనిచేస్తున్నా, ఆ రోజు నా దగ్గరా జవాబు లేదు. తర్వాత తెలుసుకున్నాను. తెలుసుకున్నాక కోపం వచ్చింది.

ఆ బిడ్డకున్నది ఎపర్ట్ సిండ్రోమ్. 1906లో యూజీన్ ఎపర్ట్ అనే ఫ్రెంచి డాక్టరు దీన్ని వర్ణించాడు. పసిబిడ్డ మెదడు పెరగడానికి వీలుగా పుర్రె ఎముకల మధ్య అతుకులు తెరుచుకుని ఉంటాయి. ఈ పిల్లల్లో అవి ముందే మూసుకుపోతాయి. కొందరికి అంగిలి చీలి ఉంటుంది. కారణం ఎఫ్‌జీఎఫ్‌ఆర్‌2 అనే జన్యువులో వచ్చే చిన్న మార్పు అని 1995లో బయటపడింది. 1996లో 57 కుటుంబాల్లో ఈ మార్పు ఎక్కణ్ణుంచి మొదలైందో వెతికారు. 57 కుటుంబాల్లోనూ తండ్రి వైపు నుంచే! తండ్రి వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశమూ పెరుగుతుంది.

ఈ సంగతి తెలిసి ఇన్నేళ్ళయినా అది మన పురిటి వార్డుల్లోకి ఎందుకు రాలేదు? అదే నింద ఆడదాని మీద అయితే ఊరంతా పాకడానికి ఒక్క పూట చాలు. పెదవి చీలి పుడితే "గ్రహణం మొర్రి" అంటాం. ఆ పేరులోనే తల్లి మీద నేరారోపణ ఉంది. మనమూ ఆలోచించకుండా ఆ మాటే వాడుతున్నాం.

"అయితే ఇక మొగుణ్ణి తిట్టమంటావా?" అని అడిగేవారుంటారు. వద్దు. వీర్యకణాలు తయారయ్యేటప్పుడు జరిగే ఈ మార్పు ఎవరి చేతుల్లోనూ లేదు. ఈ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకి, ఆడైనా మగైనా, పుట్టే ప్రతి బిడ్డకీ అది రావడానికి సగం అవకాశం ఉంటుంది. అదీ నేరం కాదు. నిందను ఒకరి మీంచి ఇంకొకరి మీదికి మార్చమనడం లేదు. అసలు నిందే వద్దంటున్నాను.

నింద వల్ల నష్టపోయేది తల్లి ఒక్కతే కాదు. పుర్రె ఆపరేషన్ చాలామందికి మొదటి ఏడాదిలోనే అవసరమవుతుంది. ఆలస్యమైతే మెదడు మీద ఒత్తిడి పెరగొచ్చు. చూపు దెబ్బతినొచ్చు. దోషం ఎవరిదని ఇంట్లో పంచాయితీ నడిచే ఆ నెలలు బిడ్డవి. వాటిని తిరిగి ఎవరిస్తారు?

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే లోపాలను గుర్తించే ఏర్పాటు ఉంది. గుర్తించి రిజిస్టరులో రాసుకుంటే చాలదు. "ఇందులో నీ తప్పు లేదమ్మా" అన్న మాట తెలుగులో, తల్లికి, భర్తా అత్తగారూ వింటుండగా చెప్పాలి. అలా చెప్పడం కౌన్సెలింగ్‌లో భాగం కావాలని మనం పట్టుబట్టాలి.

అప్పటిదాకా ఆ మాట మనమే చెబుదాం. ఈసారి పురిటిగదిలో "గ్రహణం" అన్న మాట వినబడితే నేను మాత్రం నోరు మూసుకుని నిలబడను.