పన్నెండు రాశుల ముఠా నవ్వులాట కాదు

సూపర్‌హీరో కామిక్స్ ఎరిగినవాళ్ల మధ్య మార్వెల్ వారి జోడియాక్ ముఠా పేరెత్తితే ముందుగా వచ్చేది నవ్వు. పన్నెండుమంది నేరగాళ్లు, ఒక్కొక్కరికి ఒక్కో రాశి వేషం. మేషానికి కొమ్ములు, ధనుస్సుకు విల్లమ్ములు. కొత్త విలన్లు తోచని రోజున రచయిత పేపర్లో రాశిఫలాలు ముందేసుకుని పన్నెండు పేర్లు దించేశాడని, ఈ వేషాలు తీసేసి పేకముక్కల వేషాలు తగిలించినా కథ ఇసుమంత కూడా మారదని వాళ్ల వాదన. ఈ మాట ఎంత తేలిగ్గా చెలామణీ అవుతోందంటే, ఆ పాత సంచికలు తెరిచి చూడకుండానే చాలామంది దాన్ని ఒప్పేసుకుంటున్నారు.

నేను ఒప్పుకోను. పుట్టిన తేదీని బట్టి మనిషికి ముద్ర వేసే లెక్క డబ్బూ ఆయుధమూ ఉన్నవాడి చేతికి చిక్కితే ఏమవుతుందో ఈ కథలు చూపించినంత సూటిగా మరే అమెరికన్ సూపర్‌హీరో కథా చూపించలేదు. రాశులు తీసేస్తే ఇందులో కథే మిగలదు.

ముఠా పుట్టిన కాలం చూడండి. వృశ్చికం పేరు పెట్టుకున్న స్కార్పియో 1968లో, జిమ్ స్టెరాంకో రాసి గీసిన, గూఢచారి నిక్ ఫ్యూరీ పత్రిక మొదటి సంచికలో ఒంటరిగా వచ్చాడు. తక్కినవాళ్లను చేర్చి ముఠాగా నిలబెట్టింది రాయ్ థామస్, సాల్ బుసేమా. అది 1970 జనవరి తేదీతో వెలువడిన 'అవెంజర్స్' 72వ సంచిక. అప్పటి అమెరికాకు జ్యోతిషం మోజు తలకెక్కి ఉంది. సూర్యరాశుల మీద లిండా గుడ్‌మన్ రాసిన పుస్తకం 1968లో వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. 1969 మార్చిలో 'టైమ్' పత్రిక కారొల్ రైటర్ అనే జ్యోతిష్కుణ్ణి ముఖచిత్రంగా వేసింది.

అదే దేశం అవే రోజుల్లో ఇంకో సంగతి కూడా నేర్చుకుంటోంది. 1963లో జోసెఫ్ వలాచీ అనే మాఫియా మనిషి సెనేట్ కమిటీ ముందు కూర్చుని, టీవీ కెమెరాల ఎదుట, తమ లోగుట్టంతా చెప్పేశాడు. నగరాలను వాటాలు వేసుకున్న కుటుంబాలు, వాటి మధ్య తగువులు తీర్చడానికి పెద్దల కమిషన్. 1969లో మారియో పూజో 'గాడ్‌ఫాదర్' నవల వచ్చింది. ఈ రెండు విషయాలూ ఇంటింటా నలుగుతున్న సమయంలో ఊపిరి పోసుకున్న ముఠా ఇది. అందుకే ఇందులో ఒక్కో రాశికి అమెరికాలో ఒక్కో నగరం. పెత్తనం వంతులవారీగా మారుతుంది.

రాశిచక్రం అంటే ఏమిటి? ఆకాశాన్ని ముప్ఫై డిగ్రీల చొప్పున పన్నెండు ముక్కలు చేసి, ఒకరి ముక్క ఇంకొకరి ముక్క మీదికి రాకుండా గీతలు గీసిన పటం. నేరాన్ని వ్యాపారంగా నడిపే పెద్దలకు ఇంతకన్నా పనికొచ్చే పటం దొరకదు. వాటా చిన్నదని గొడవపడేవాడికి, ఈ హద్దులు మేం పెట్టినవి కావు, నక్షత్రాలు పెట్టినవి అని జవాబు చెప్పొచ్చు. మనుషులు చేసుకున్న పంపకానికి ఆకాశాన్ని సాక్షిగా నిలబెట్టడం చరిత్రలో కొత్తేమీ కాదు. రాజులు చేశారు, పురోహితులు చేశారు. థామస్ ఆ పనిని దొంగల చేత చేయించాడు.

ఈ ముఠాలో వృషభం ఎవరో తెలిస్తే కథ ఇంకా లోతుకు వెళ్తుంది. అతను కార్నీలియస్ వాన్ లంట్, కోటీశ్వరుడు. ఆ పేరుతో పాఠకుడికి మొదట పరిచయమైనప్పుడు అతనికి కొమ్ముల ముసుగు లేదు. 1970 జూన్ నాటి 77వ సంచికలో అతను పారిశ్రామికవేత్త టోనీ స్టార్క్‌ను డబ్బుతో ఇరకాటంలో పెట్టే పెద్దమనిషి. కొద్ది నెలలకే, 80, 81 సంచికల్లో, అమెరికా మూలవాసుల భూమి మీద కన్నేసి దాన్ని లాక్కోవడానికి హత్యలకు కూడా వెనుదీయని భూకబ్జాదారు. అక్కడ అతనికి ఎదురు నిలిచినవాడు రెడ్ వుల్ఫ్ అనే మూలవాసి హీరో. వాన్ లంట్ వృషభమని పాఠకుడికి తేటతెల్లమైంది 1974లో. అంటే ఆ మధ్య నాలుగేళ్లూ పాఠకుడు చూసింది సూటు తొడుక్కున్న దోపిడీదారును. రాశి ముసుగు తర్వాత తేలింది. ముందు భూమి మీద ఆశ, ఆ తర్వాత ఆశకు ఆకాశం నుంచి అనుమతి. ఈ వరసను గమనించనివాళ్లకే ముసుగు ఒక్కటే కనబడుతుంది.

ఇక అందరూ ఎగతాళి చేసే ఘట్టం. 1974 ఫిబ్రవరి నాటి 120వ సంచికలో, స్టీవ్ ఎంగిల్‌హార్ట్ రాసిన కథలో, వాన్ లంట్ ఒక ఆయుధం తయారు చేయిస్తాడు. దాని పేరు స్టార్-బ్లేజర్. దానితో మన్‌హట్టన్‌లో మిథునరాశిలో పుట్టినవాళ్లందర్నీ చంపాలని పథకం. ఇంతకంటే తలాతోకా లేని పథకం కామిక్స్‌లో లేదని విమర్శకులు తేల్చేశారు. బ్యాంకు దోచుకుంటే డబ్బు వస్తుంది, మిథునరాశి వాళ్లను చంపితే ఏమొస్తుంది అని అడుగుతారు.

వచ్చేది భయం. 1970 జనాభా లెక్కల ప్రకారం మన్‌హట్టన్ జనం పదిహేను లక్షల పైచిలుకు. పన్నెండో వంతు అంటే లక్షా పాతికవేల మంది. వీళ్లు ఒక పేటలో ఉండరు, ఒక భాష మాట్లాడరు, ఒకరికొకరు తెలియదు. ఒకే ఇంట్లో భార్య చనిపోతుంది, భర్త మిగులుతాడు. ఒకే బల్ల మీద కూర్చునే పిల్లల్లో జూన్ మొదటి వారంలో పుట్టినది పోతుంది, జూలైలో పుట్టినది ఉంటుంది. మిగిలిన పదకొండు వంతుల జనానికి కలిగే మొదటి ఆలోచన ఏమిటి? నేను ఆ రాశిలో పుట్టలేదు కదా అనే ఊరట. ఆ ఊరటే వాన్ లంట్‌కు కావలసింది. రేపు మీ రాశి వంతు అని అతను చెప్పనక్కర్లేదు, ఊరే చెప్పుకుంటుంది. పక్కవాడు పోతుంటే, నేను వేరే గడిలో ఉన్నానని జనం నమ్మే చోట పెత్తనం చేయడం సులువు. నిరంకుశులకు ఎప్పుడూ తెలిసిన విషయమే ఇది. కామిక్స్ పాఠకులే దీన్ని చూసి నవ్వారంటే నాకు బాధగా ఉంటుంది.

ఇంకో మాట. పత్రికల్లో రాశిఫలాలు ఏం చేస్తాయో ఈ ఆయుధమూ అదే చేస్తుంది. లక్షలమందిని పేరు అడక్కుండా, బతుకు చూడకుండా, ఒకే గడిలో వేసి అందరికీ ఈరోజు ఇదే జరుగుతుందని రాస్తారు. కారొల్ రైటర్ పత్రికలో రాసిన శీర్షికనే జర్మన్ తత్త్వవేత్త థియొడోర్ అడార్నో 1950ల్లో వరసగా చదివి విశ్లేషించాడు. మనుషులు పెట్టిన కట్టుబాట్లను నక్షత్రాల శాసనంలా అనిపించేలా చేసి, నోరెత్తకుండా సర్దుకుపొమ్మని అది పాఠకుడికి నూరిపోస్తుందని ఆయన తేల్చాడు. పత్రిక సర్దుకుపొమ్మంటుంది. వాన్ లంట్ ఆ మాటనే చివరిదాకా లాగి, మిథునరాశి వారికి ప్రాణగండం అని తానే రాసి తానే నిజం చేయబోయాడు. జోస్యం చెప్పేవాడూ దాన్ని జరిపించేవాడూ ఒకడే అయితే ఏమవుతుందన్న ప్రశ్న అంతకు పదేళ్ల ముందే, 1964లో, బ్యాట్‌మన్ కథల్లోనూ వచ్చింది. జోడియాక్ మాస్టర్ అనే విలన్ ప్రమాదాలు రాబోతున్నాయని ముందే చెప్పి పేరు తెచ్చుకుంటాడు. ఆ ప్రమాదాలు చేయించేది అతనే. ఆ పేరుతో దొంగలకు జోస్యాలు అమ్ముకుంటాడు. అక్కడ మోసం ఒక మనిషి సంపాదన కోసం. ఎంగిల్‌హార్ట్ దాన్ని ఒక నగరం మీద పెత్తనంగా పెంచాడు.

మనవైపు నుంచి చదివితే ఈ ఘట్టంలో ఇంకో సంగతి బయటపడుతుంది. న్యూయార్క్‌లో జూన్ 5న పుట్టినవాడిది మిథునరాశి. మన పంచాంగం లెక్కలో ఆ రోజు సూర్యుడు ఇంకా వృషభంలోనే ఉంటాడు, జూన్ మధ్యకు గానీ మిథునంలోకి రాడు. రెండు లెక్కల మధ్య దాదాపు 24 డిగ్రీల తేడా. పైగా మనం జాతకంలో రాశి అనేది చంద్రుణ్ణి బట్టి. స్టార్-బ్లేజర్‌ను మన సిద్ధాంతి చేత తయారు చేయిస్తే చచ్చేవాళ్లు వేరే లక్షా పాతికవేల మంది అయ్యేవారు. చావు ఎవరిదో నిర్ణయించేది నక్షత్రం కాదు, గీత ఎక్కడ గీయాలో చెప్పే అధికారం ఎవరి దగ్గరుందో అది.

ఈ కథను తెలుగువాళ్లు పరాయి దేశపు పిచ్చిగా కొట్టిపారేయడానికి వీల్లేదు. మూలా నక్షత్రంలో పుట్టిన పిల్లను చేసుకుంటే మామగారికి గండమని సంబంధం తప్పిపోయిన ఇళ్లు మనకు తెలియనివి కావు. ఆశ్లేష అయితే అత్తగారికి, జ్యేష్ఠ అయితే బావగారికి. కుజదోషం మాట సరేసరి. చదువుకున్న పిల్ల, ఉద్యోగం చేస్తున్న పిల్ల, తాను పుట్టిన ఘడియకు జవాబుదారీగా నిలబడుతుంది. ఎవరూ ఆ పిల్లను చంపడం లేదు, నిజమే. కానీ ఆమె ఎవరో తెలుసుకోకముందే ఆమె మీద తీర్పు వచ్చేసింది. గడిలో వేసి తీర్పు చెప్పడంలో వాన్ లంట్‌కూ, కట్నం మాట ఖాయమయ్యాక జాతకం కలవలేదని లేచిపోయే పెళ్లివారికీ తేడా తీవ్రతలోనే.

పేకముక్కల వేషాలు తొడిగినా ఇదే కథ అవుతుందన్న వాదం ఇక్కడ కూలిపోతుంది. అలాంటి ముఠా నిజంగానే ఉంది. డీసీ కామిక్స్ 1966లో తెచ్చిన రాయల్ ఫ్లష్ గ్యాంగ్. రాజు, రాణి, జాకీ వేషాల్లో వాళ్లు చేసిన దొంగతనాలు ఇంకే వేషంలోనైనా చేయగలరు, ఎందుకంటే ఏ మనిషీ ఇస్పేటు రాణిగా పుట్టడు. తాను ఫలానా రాశిలో పుట్టానని మాత్రం ఆ కామిక్ చేతపట్టుకున్న ప్రతి కుర్రాడికీ తెలుసు. మిథునరాశి కుర్రాడు 120వ సంచిక చదువుతున్నప్పుడు ఆ ఆయుధం గురి తనవైపే ఉంటుంది. ఇంకే వేషమూ పాఠకుడి ఒంటి మీదికి ఇలా చేయి వేయలేదు.

ముఠా దగ్గర జోడియాక్ కీ అనే మహిమ గల వస్తువు ఉంది కాబట్టి ఈ కథలు జ్యోతిషాన్ని నిజమని ప్రచారం చేస్తున్నాయని కూడా కొందరంటారు. ఈ కథల్లో ఆ కీ ప్రధానంగా చేసే పని శత్రువుల మీద శక్తిని కక్కడం. అది ఆయుధం. ఎవరి గుణగణాలు రాశిని బట్టి ఉంటాయనడానికి అది రుజువు ఇవ్వదు.

ఈ ముఠా చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించేది 1977 నాటి కథ. 'డిఫెండర్స్' 48 నుంచి 50 వరకు, డేవిడ్ ఆంథొనీ క్రాఫ్ట్ మాటలు, కీత్ గిఫెన్ బొమ్మలు. స్కార్పియో అసలు పేరు జేక్ ఫ్యూరీ, నిక్ ఫ్యూరీ తమ్ముడు. యాభై దాటాడు. అన్న పేరు లోకమంతా మోగుతుంటే తనను తలుచుకునేవాడు లేడు. ఒంటరితనం భరించలేక తనకు తోడుగా తక్కిన రాశుల మనుషులను యంత్రాలతో తయారు చేసుకుంటాడు. ఏ రాశికి ఏ స్వభావమో ఆ స్వభావంతోనే పుట్టే మనుషులు, ఎదురు చెప్పని బంధువులు. యుద్ధం ముంచుకొచ్చి వాళ్లను నెలలు నిండకుండానే బయటికి తీయాల్సి వచ్చింది. కొందరు సరిగా ప్రాణం పోసుకోలేదు. ఓడిపోయిన జేక్ తుపాకీతో తనను తాను కాల్చుకుంటాడు. జాతకంలో రాసినట్టే ఉండే మనుషులు కావాలని కోరుకున్నవాడి బతుకు అది. రాసినట్టు ఉండే మనుషులు యంత్రశాలలో తప్ప దొరకరని క్రాఫ్ట్‌కు తెలుసు. ఈ కథ చదివినవాళ్లు కూడా జోడియాక్‌ను వేషగాళ్ల గుంపు అంటే, ఏం చదివారని అడగాలనిపిస్తుంది.

ఆ యంత్రాల కథ అక్కడితో ఆగలేదు. పదేళ్ల తర్వాత, 1987లో, 'వెస్ట్ కోస్ట్ అవెంజర్స్' 26వ సంచికలో ఎంగిల్‌హార్ట్ దాన్ని మళ్లీ అందుకున్నాడు. యంత్ర రాశులు మానవ రాశుల మీద పడి, వాన్ లంట్ తప్ప అందర్నీ ఊచకోత కోస్తాయి. పదమూడేళ్ల కింద మిథునరాశి జనాన్ని చంపడానికి సిద్ధమైన ముఠాను, పేరుకు తగ్గట్టు అచ్చంగా రాశులే అయినవాళ్లు వచ్చి చంపారు. రెండు కథలూ రాసింది ఒకే రచయిత. ఇది కాకతాళీయమని నేననుకోను.

విమర్శకులు చెప్పేది ఒక చోట నిజం. 2012లో బ్రయన్ బెండిస్, మార్క్ బాగ్లీ 'అవెంజర్స్ అసెంబుల్' మొదలుపెట్టినప్పుడు జోడియాక్‌ను కొత్తగా దించారు. అవెంజర్స్ సినిమా విడుదలకు ముందు, సినిమా చూసి వచ్చే కొత్త పాఠకుల కోసం. ఇందులో ముఠా వెనక ఉన్నది థానోస్ అనే గ్రహాంతర విలన్. నగరాల పంపకం లేదు, భూమి గొడవ లేదు, పుట్టిన తేదీతో ఎవరికీ పని లేదు. కొట్లాటకు పన్నెండుమంది కావాలి, పన్నెండు పేర్లు సిద్ధంగా ఉన్నాయి. ఇక్కడ రాశులు తీసి పేకముక్కలు పెట్టినా ఏమీ మారదు. ఆ ఒక్క మాటను ఈ ఒక్క కథ గురించి అంటే నాకు అభ్యంతరం లేదు. దాన్ని వెనక్కి లాక్కెళ్లి 1970 నాటి థామస్ మీద, 1974 నాటి ఎంగిల్‌హార్ట్ మీద, 1977 నాటి క్రాఫ్ట్ మీద రుద్దడమే నేను ఒప్పుకోనిది.